గస్తీ నౌక

హైదరాబాదు నగరములో చార్మినారునకు దక్షిణముగా పోవు దారి శాలిబండను చేరును. అచ్చటి పాత గడియారపు స్తంభమునకు సమీపమున ఇరుప్రక్కల సన్నని గల్లీలు చీలియుండును. పగటివేళ అంగళ్లతోను, బండ్లతోను, జనసమ్మర్దముతోను కిటకిటలాడు ఆ వీధులు అర్ధరాత్రమునకు సద్దుమణగును. అప్పుడు పోలీసులు గస్తీ తిరుగుదురు. పెద్ద వాహనము ఆ గల్లీలలో మలుపు తిరుగజాలదు. కావున గస్తీవారు కాలినడకను గాని, చిన్న బండ్లపై గాని పోవుదురు. ఏ మలుపు ఎచ్చటికి పోవునో వారికి తెలియును. అనుమానముగా తిరుగువాడు కనబడినచో నిలిపి పేరడుగుదురు. ఎవరైన ఆపదలోనున్నచో పరుగెత్తుదురు. రాత్రి ఏమియు జరుగకున్న, వారు వచ్చి పోయిన సంగతియే తెల్లవారినపిదప జనులకు తెలియదు.

శాలిబండకు సముద్రము మిక్కిలి దూరము. గోలకొండ సుల్తానుల కాలమున ఈ ప్రాంతపు వస్త్రములకును, వజ్రములకును రేవైన మచిలీపట్నము ఇచ్చటికి మూడువందల కిలోమీటర్లకు పైగా ఉన్నది. అయినను శాలిబండ గల్లీలలో జరుగు పని వంటిదే బంగాళాఖాతములోను రేయింబవళ్లు జరుగుచున్నది. అచ్చట గల్లీలకు బదులు ఏటి మొగలును, లోతు తక్కువైన తీరజలములును ఉన్నవి. ఇండ్లకు బదులు వేలకొలది చేపల పడవలున్నవి. వానినడుమ తిరుగుచు తీరమునకు కావలి కాయు చిన్న యుద్ధనౌకకు గస్తీ నౌక అని పేరు.

తీరమునకు కావలి యెందులకు? భూమిపై సరిహద్దున్నచోట కంచె వేయవచ్చును, రాయి పాతవచ్చును. సముద్రముపై గీత గీయుటకు వీలులేదు. 1976లో భారత పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము తీరమునుండి 12 నాటికల్ మైళ్లవరకు గల జలములు దేశపు ప్రాదేశిక జలములు. 200 నాటికల్ మైళ్లవరకు గల సముద్రములోని చేపలు, ఖనిజములు మున్నగు సంపదపై దేశమునకు ప్రత్యేకాధికారము కలదు. ఒక నాటికల్ మైలు 1852 మీటర్లకు సమానము. అనగా ఈ అధికారము తీరమునుండి సుమారు 370 కిలోమీటర్ల దూరమువరకు వ్యాపించియున్నది. ఆ గీతలు పటములపై స్పష్టముగా కనబడును గాని, అలలపై కనబడవు.

కనబడని ఆ గీత ఎంత కష్టము తెచ్చునో ఉత్తరాంధ్ర మత్స్యకారుల కుటుంబములకు అనుభవపూర్వకముగా తెలియును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పలువురు ప్రతియేట గుజరాతు తీరమునకు పోయి, అచ్చటి మరపడవలపై కూలికి చేపలు పట్టుదురు. 2018 నవంబరులో అట్టివారు ఇరువదిమందికి పైగా పాకిస్తాను జలములలో ప్రవేశించిరని ఆ దేశమువారు పట్టుకొని కరాచీలో చెరయందుంచిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. ఒక సంవత్సరమునకు పైగా వారి ఇంటివారు దారి చూచుచు కాలము గడిపిరి. కడలిపై దారి తప్పిన పడవను హెచ్చరించి వెనుకకు మరలించుట కావలి పనులలో ఒకటి. ఆ హెచ్చరిక సకాలములో అందినచో ఎన్ని ఇండ్లలో ఎంత దుఃఖము తప్పునో దీనివలన తెలియుచున్నది.

ఇంతకంటె భయంకరమైన అనుభవము 2008 నవంబరులో కలిగెను. కరాచీనుండి సముద్రముపై బయలుదేరిన పదిమంది ఉగ్రవాదులు కుబేర్ అను భారతీయ చేపల పడవను పట్టుకొని, దానిమీద బొంబాయి సమీపమునకు వచ్చి, చిన్న రబ్బరు పడవలో నగరమున దిగిరి. వారి కాల్పులలో నూటయరువదిమందికి పైగా మరణించిరి. కుబేర్ తీరప్రాంతమున తిరుగాడు వేలకొలది పడవలలో ఒకటివలె కనబడుటచే దానిని ఎవరును అనుమానింపలేదు. ఆ ఘోరము జరిగినపిదప 2009లో కాపలా ఏర్పాట్లు మార్చబడెను. తీరమునకు చేరువగా రాష్ట్ర పోలీసుల పడవలును, ఆవల తీరరక్షక దళపు నౌకలును కావలి కాయుననియు, మొత్తము సముద్రరక్షణకు నౌకాదళము బాధ్యత వహించుననియు నిర్ణయింపబడెను. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, పడవలకు నమోదు సంఖ్యలు ఈయబడెను. చిన్న నౌకల అవసరము ఎంతటిదో అందరికిని తెలిసివచ్చెను.

ఇక గస్తీ నౌక స్వరూపమును పరిశీలింపవచ్చును. విశాఖపట్నము కేంద్రముగా నున్న తూర్పు నౌకాదళమున చేరిన తర్ముగ్లి అను నౌకను ఉదాహరణముగా గైకొందురు గాక. దాని పొడవు సుమారు 46 మీటర్లు. చార్మినారు ఎత్తుకంటె ఇది తక్కువయే. దాని బరువు సుమారు 300 టన్నులు. 2022లో నౌకాదళమున చేరిన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 262 మీటర్లు, బరువు సుమారు 45,000 టన్నులు. అనగా నూటయాబది గస్తీ నౌకలను కలిపి తూచినగాని ఒక విక్రాంత్ కాదు. విక్రాంత్‌పై ఇంచుమించు 1,600 మంది పనిచేయగా, గస్తీ నౌకపై కొద్ది పదులమంది మాత్రమే యుందురు.

ఈ చిన్నతనము లోపము కాదు, కోరి తెచ్చుకొన్న గుణము. కృష్ణా గోదావరులు ఏటేట ఒండ్రును తెచ్చి సముద్రమున కలుపుటచే వాని ముఖద్వారములయొద్ద ఇసుకమేటలు పుట్టుచు, స్థలము మారుచు ఉండును. విక్రాంత్ వంటి ఓడ నీటిలో ఎనిమిది మీటర్లకు పైగా మునిగియుండును గనుక అట్టి తావులకు రాజాలదు. గస్తీ నౌక మునుగులోతు రెండు మూడు మీటర్లు మాత్రమే. కావున చేపల పడవలు తిరుగు తీరజలములలో పెక్కు తావులకు అది పోగలదు. సన్నని గల్లీలో పెద్ద వాహనము చేయలేని పనిని కాలినడకను పోవు కాపరి చేయుట వంటిదే ఇది.

రెండవ గుణము వేగము. ఓడల వేగమును నాట్లలో కొలుతురు. పూర్వము నావికులు ఒక పొడవైన తాడునకు సమానదూరములలో ముడులు వేసి, కొనకు కొయ్యపలక కట్టి నీటిలో విడిచెడివారు. చిన్న ఇసుక గడియారములోని ఇసుక జారునంతలో ఎన్ని ముడులు చేతినుండి జారెనో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనెడివారు. ముడికి ఆంగ్లమున నాట్ అని పేరు. ఆ పేరే వేగమునకు కొలతయైనది. గంటకు ఒక నాటికల్ మైలు పోయినచో వేగము ఒక నాట్. తర్ముగ్లి 30 నాట్ల వేగముతో, అనగా గంటకు 55 కిలోమీటర్లకు పైగా పోగలదు. రహదారిపై ఇది గొప్ప వేగము కాకపోవచ్చును. నీటిపై మాత్రము గొప్పదియే. తీరమునకు 30 నాటికల్ మైళ్ల దూరమున ఒక పడవ మునుగుచున్నదనుకొన్నచో, 12 నాట్లతో పోవు ఓడ అచ్చటికి చేరుటకు రెండున్నర గంటలు పట్టును. గస్తీ నౌక ఒక గంటలో చేరును. నీటిలో ఈదులాడు మనుష్యునకు ఆ గంటన్నరయే ప్రాణము.

అయినచో ఎల్లప్పుడును అదే వేగముతో ఏల పోరాదు? నీరు గాలికంటె ఎన్నో రెట్లు బరువైనది. ఓడ వేగమును రెండింతలు చేయుటకు యంత్రముల శక్తిని రెండింతలు చేసిన చాలదు. సామాన్యముగా ఇంచుమించు ఎనిమిదింతల శక్తి కావలెను. దానికి తగినట్లు చమురు ఖర్చగును. కావున గస్తీ నౌక సాధారణముగా 12, 13 నాట్ల నెమ్మదియైన నడకతో తిరుగును. అట్లు తిరిగినచో చమురు మరల నింపుకొనకయే సుమారు 2,000 నాటికల్ మైళ్లు పోగలదు. ఇచ్ఛాపురమునుండి తడవరకు గల ఆంధ్రతీరము దాదాపు వేయి కిలోమీటర్లు. ఆ దూరమును పోయి, వచ్చి, మరల పోవుటకు ఆ చమురు చాలును. ఆపద కలిగినప్పుడు మాత్రము యంత్రములను పూర్తి శక్తితో నడుపుదురు. కాపరి నెమ్మదిగా నడచుచు, కేక వినబడినప్పుడు పరుగెత్తుట వంటిది ఇది.

వేగముకొరకు నౌక ఆకారమును, పదార్థమును కూడ జాగ్రత్తగా ఎన్నుకొందురు. వెడల్పు పొడవులో ఆరవవంతునకు మించదు. ముందుభాగము కత్తివలె నీటిని చీల్చుచు, పైకి పోవుకొలది వెడల్పై, అల నురుగును ప్రక్కలకు విసరివేయును. తరువాతి కాలమున నిర్మించిన నౌకలలో అడుగుభాగమును ఉక్కుతోను, పైగదులను తేలికయైన అల్యూమినియముతోను చేసిరి. చోదక యంత్రములందును మార్పు వచ్చినది. పాత నౌకలకు వెనుక రెక్కల చక్రములుండును. క్రొత్తవానిలో బలమైన పంపులు అడుగునుండి నీటిని పీల్చి వెనుకకు మహావేగముతో చిమ్మును. నీరు వెనుకకు పోవుటచే నౌక ముందునకు పోవును. చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను చెప్పిన సూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది. ఆ చిమ్ము ధారను ప్రక్కకు మరల్చినచో నౌక తిరుగును. ముందునకు మరల్చినచో వెనుకకు నడచును. రెక్కలు క్రిందికి వ్రేలాడకుండుటచే లోతు తక్కువైన నీటిలో దెబ్బతిను భయమును తగ్గును.

ఇన్ని గుణములకు మూల్యమును కలదు. తేలికయైన నౌకను పెద్ద అల ఆకువలె ఊపివేయును. తుఫానుకాలమున అలవాటుపడిన నావికులకును అన్నము గొంతు దిగదు. మంచినీరు, ఆహారము నిలువచేయు చోటు తక్కువ గనుక నెలల తరబడి సముద్రముపై ఉండుటకు వీలుకాదు. హెలికాప్టరు దిగుటకు తావు లేదు. నౌక ఎత్తు తక్కువగుటచే దూరపుచూపును తక్కువయే. భూమి గుండ్రముగా నుండుటచే, నీటిమట్టమునకు 9 మీటర్ల ఎత్తున నిలిచి చూచువానికి సముద్రము సుమారు 11 కిలోమీటర్లవరకు మాత్రమే కనబడును. అందుచేతనే గస్తీ నౌక ఒంటరిగా పనిచేయదు. తీరమునందలి రాడారులు, ఆకాశమున తిరుగు విమానములు దానికి వార్తలు పంపుచుండును.

వానికంటె ముఖ్యమైన కన్నులు మత్స్యకారులవి. ఏ పడవ తమ ఊరిదో, ఏది పరాయిదో వారు దూరమునుండియే పోల్చుకొందురు. 1971 యుద్ధమున, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నపు రేవు వెలుపల మునిగిపోయినప్పుడు, నీటిపై తేలిన దాని శిథిలములను నౌకాదళమునకు అందజేసినవారు ఆ తీరపు మత్స్యకారులే. కావున గస్తీ నౌకమీది వారు పడవలను తనిఖీ చేయుటతో ఊరకుండక, మత్స్యకారులతో మాటలాడి వార్తలు తెలిసికొందురు. తుఫాను రానున్నచో రేవునకు మరలుడని హెచ్చరింతురు.

చిన్న నౌకయని దీనిని తక్కువగా చూడరాదనుటకు చరిత్రలో మరియొక నిదర్శనము కలదు. స్వతంత్ర భారతదేశమున నిర్మింపబడిన మొట్టమొదటి యుద్ధనౌక గొప్ప విధ్వంసక నౌక కాదు. కలకత్తాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణశాల 1961లో నౌకాదళమునకు అప్పగించిన అజయ్ అను చిన్న తీరరక్షక నౌకయే అది. అజయ్ నిర్మాణమున నేర్చిన పనియే క్రమముగా పెద్ద నౌకల నిర్మాణమునకు మెట్టైనది. అదే నిర్మాణశాలలో 2000 సంవత్సరము మొదలుకొని ట్రింకట్, టిల్లంచాంగ్, తరాసా, తర్ముగ్లి అను నాలుగు గస్తీ నౌకలు తయారైనవి. ఈ పేర్లన్నియు అండమాను నికోబారు దీవులలోనివి.

ఈ నాలుగింటిలో టిల్లంచాంగ్ చరిత్ర విచిత్రమైనది. అది 2001లో నౌకాదళమున చేరెను. హిందూమహాసముద్రమున మాల్దీవులను చిన్న దేశము కలదు. సుమారు 1,200 పగడపు దీవులు, వానినడుమ లోతు తక్కువైన జలములు, వానిని కాపాడుకొనుటకు చాలినన్ని ఓడలు లేకపోవుట, ఇది ఆ దేశపు స్థితి. అట్టి జలములకు తగిన నౌక టిల్లంచాంగ్ వంటిదియే. 2006 ఏప్రిలులో భారతదేశము ఆ నౌకను మాల్దీవులకు బహూకరించెను. అచ్చట దానికి హురవీ అని పేరు పెట్టిరి. పదునేడు సంవత్సరములు అది ఆ దీవులకు కావలి కాచెను.

నాలుగింటిలో కడపటిదైన తర్ముగ్లి అంతకుముందే, 2005లో, సీషెల్సు దేశమునకు ఈయబడియుండెను. ఆ పేరు మరుగుపడకుండ, పంపులతో నీటిని చిమ్మి నడచు క్రొత్త నౌకకు తర్ముగ్లి అని పేరుపెట్టి 2016లో విశాఖపట్నమున నౌకాదళమున చేర్చుకొనిరి. 2023 మే నెలలో, వృద్ధమైన హురవీకి బదులుగా ఈ క్రొత్త నౌకను భారతదేశము మాల్దీవులకు ఇచ్చెను. అది అచ్చట హురవీ ఆయెను. పాత హురవీ స్వదేశమునకు మరలివచ్చెను.

ఇరువదిరెండేండ్లు ఉప్పునీటిలో తిరిగిన నౌకను పాత ఇనుము క్రింద అమ్మివేయుట సులభము. అట్లు చేయలేదు. దానిని విశాఖపట్నపు నౌకాదళ మరమ్మతుశాలలో బాగుచేసిరి. ఇట్టి మరమ్మతులో ఓడను నీరులేని గోదిలో నిలిపి, అడుగున పట్టిన గుల్లలను, నాచును గీకివేసి, పలుచనైన ఉక్కురేకులను మార్చి, యంత్రములను విప్పి శుభ్రపరతురు. నీటిలోనుండు భాగమునకు జింకు పలకలను బిగింతురు. ఉప్పునీటిలో రెండు లోహములు కలిసియున్నప్పుడు వానిలో ఒకటి ముందుగా తినివేయబడును. జింకు తాను క్షయించి ఉక్కును కాపాడును. అరిగిన పలకలను తీసి క్రొత్తవి బిగించినచో ఓడ మరల కొన్ని సంవత్సరములు నిలుచును. ఇట్లు బాగుపడిన ఆ నౌక 2023 డిసెంబరు 14వ తేదీన విశాఖపట్నముననే మరల నౌకాదళమున చేరెను. ఖాళీయైన తర్ముగ్లి పేరును దానికే పెట్టిరి. టిల్లంచాంగుగా పుట్టి, హురవీగా పరదేశమున సేవచేసి, తర్ముగ్లిగా తిరిగివచ్చిన ఆ నౌక రెండు దేశములకు మూడు పేర్లతో కావలి కాచినది.

నౌకపై జీవితము సుఖమైనది కాదు. ఇరుకు గదులలో పడకలు ఒకదానిపై ఒకటిగా నుండును. కావలివారు రేయింబవళ్లు వంతులు మారుచు రాడారు తెరపై కన్నువేసి యుందురు. ఆపదలోనున్న పడవలు పిలుచు రేడియో మార్గమును ఎల్లవేళల వినుచుందురు. అనుమానింపదగిన పడవ కనబడినచో రబ్బరు పడవను దింపి, నలుగురైదుగురు పోయి, దాని సంఖ్యను, పత్రములను, చేపలగదిని పరీక్షింతురు. నూరు పడవలలో నూరును నిర్దోషములైనవే కావచ్చును. అయినను నూటయొకటవదానిని అదే శ్రద్ధతో పరీక్షింపవలెను. ఈ పనిలో కష్టమైనది ధైర్యము కాదు, విసుగు చెందకుండుట.

ఇట్టి నౌకలపై 30 మిల్లీమీటర్ల తుపాకి ఒకటి అమర్చబడియుండును. నిమిషమునకు ఐదువందలకు పైగా గుండ్లు కాల్చగల ఈ తుపాకి సముద్రతీరమున తయారగునది కాదు. హైదరాబాదునకు చేరువగా, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారమున మెదక్ ఆయుధ కర్మాగారమను పేర వెలసిన శాలలో తయారగునది. శాలిబండకు కొద్దిదూరములో కంచన్‌బాగున రక్షణ లోహ పరిశోధనశాల కలదు. విక్రాంత్ నిర్మాణమునకు వాడిన ప్రత్యేకమైన ఉక్కు ఆ శాల పరిశోధనచే రూపొందినదే. కడలి కానరాని నగరమైనను, కడలి కావలికి తన పాలు తాను ఇచ్చుచునే యున్నది.

అర్ధరాత్రమున శాలిబండ గల్లీలో గస్తీవాని అడుగుల చప్పుడు వినబడి, దూరమై, సద్దుమణగును. ఆ వేళకే తూర్పుతీరమున ఒక చిన్న నౌక దీపములు వెలిగించిన చేపల పడవల నడుమ మెల్లగా సాగిపోవుచుండును. తెల్లవారినపిదప మత్స్యకారులు చేపల గంపలతో ఒడ్డునకు వత్తురు. శాలిబండలో అంగళ్లు తెరుచుకొనును. రాత్రి ఎవరు మేలుకొనియుండిరో ఎవరును అడుగరు. ఏమియు జరుగలేదనుటయే వారి పని చక్కగా జరిగినదనుటకు సాక్ష్యము.